టీచరమ్మగారి మూడు వైర్లు

నా చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో బెదిరించాలన్నా మర్యాదగానే బెదిరించేవారు. గొంతు పెంచరు, తిట్టరు. "ఏవండీ, మీకు మంచిది కాదేమోనండీ" అని నవ్వుతూ చెప్పి వెళ్ళిపోతారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో మా ఊరంతటికీ కంప్యూటరు ఒక్కటే. అది మా పక్కింటి టీచరమ్మగారిది. ఆవిడ ఏలూరులో సైన్సు చెప్పి రిటైరై, పుట్టింటికొచ్చి ఒక్కరే ఉండేవారు. ఆవిడ దగ్గర హామ్ రేడియో ఉండేది. లైసెన్సు తీసుకుని సరదాకి నడుపుకునే రేడియో అది. దాంట్లో తాడేపల్లిగూడెంవాళ్ళతోనూ, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళతోనూ మాట్లాడేవారు. తుఫాను వచ్చి ఫోన్లు పోయినప్పుడు మా ఊరి కబురు ఏలూరు చేరింది కూడా దాని ద్వారానే. పెరట్లో ఇనప గొట్టం మీద పెద్ద ఏంటెన్నా ఉండేది.

ఆవిడ మంచివారని నేను చెప్పను. నోరు మహా చెడ్డది. నన్ను ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు, ఎప్పుడూ "పిల్లా" అనే. మావాళ్ళు నన్ను బడికి పంపలేదు. కొల్లేట్లో మా నాన్నకి వాటా ఉన్న చేపల చెరువు మీద పిట్టల్ని తోలడం నా పని. టీచరమ్మగారికి వేళ్ళు వణికేవి కాబట్టి, సన్నటి పని ఏది పడినా గోడమీంచి నన్ను కేకేసేవారు.

ఆ వేసవిలో ఆవిడ ఏలూరు నుంచి కంప్యూటరులో పెట్టే పాత కార్డులు రెండు తెప్పించారు. కంప్యూటరు వెనక వెడల్పాటి సాకెట్టు ఒకటుండేది. దాన్ని పారలల్ పోర్టు అంటారు. ఉన్న ఒక్కటీ ప్రింటరుకే సరిపోయింది. ఒక్కో కార్డు గుచ్చితే ఒక్కో సాకెట్టు పెరుగుతుంది. రేడియోలో మోర్సు టకటకలు, అంటే చుక్కా గీతా సంకేతాలు, కొట్టించడానికి ఒకటి, ఏంటెన్నాని తిప్పే మోటారుకి ఒకటి కావాలని ఆవిడ పట్టుదల. వెలుతురు కోసం వరండాలోనే కంప్యూటరు డబ్బా విప్పించారు. కార్డులు రెండూ ఒకేసారి గుచ్చాను. ఏదీ పనిచేయలేదు. అప్పటిదాకా బాగున్న ప్రింటరు కూడా మూగదైపోయింది.

ఆవిడ ముందు నన్ను తిట్టి, తరవాత తనని తాను తిట్టుకుని, రెండూ పీకించారు. ఒక్కో సాకెట్టుకి ఒక్కో నెంబరు ఉండాలట. ఆ నెంబరు మార్చడానికి కార్డు మీద వరసగా సూదుల్లాంటివి ఉంటాయి, వాటికి చిన్న నల్ల టోపీ తొడుగుతారు. రెండు కార్డులకీ టోపీ ప్రింటరు నెంబరు మీదే ఉంది. "ఒకే నెంబరు మీద ముగ్గురు కూర్చుంటే, పిలిచినప్పుడు ముగ్గురూ ఒకేసారి అరుస్తారు. ఎవడి మాటా తేలదు. ఒక్కొక్కటే పెట్టు, పెట్టింది చూసుకుని రెండోదాని జోలికెళ్ళు" అన్నారు. నాకు అంకెలు రావు కాబట్టి ఏ సూదుల మీద తొడగాలో వేలితో చూపించారు. సాయంత్రానికి మూడూ పనిచేశాయి. ఏంటెన్నా నెమ్మదిగా కొల్లేటి వైపు తిరుగుతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ "చాల్లే" అన్నారు.

వరండాలో జరిగింది కాబట్టి ఊరంతా చూసింది. కొల్లేరు పక్షులదని చెప్పి సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేస్తుందన్న పుకారుతో జనానికి నిద్రపట్టని రోజులవి. కొలతలవాళ్ళు పడవల మీద వచ్చి వెళ్ళారు. మన చెరువుల సంగతి వాళ్ళకి ఎవరు చెబుతున్నారని అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. అలాంటప్పుడు ఆవిడ ఇంట్లో ఒక వైరు కాస్తా మూడయ్యాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక, తెల్లబట్టల్లోనే ఓ పాతికమంది ఆవిడ వాకిట్లోకి వచ్చారు. అందరూ చర్చిలో ఆవిడతో కలిసి పాడేవాళ్ళే. ముందు చెరువుల సంఘం ప్రెసిడెంటు, వెనక వరసలో మా నాన్న. నేను వరండాలో ఆవిడ పక్కనే ఉన్నాను.

"ఏవండీ టీచరుగారూ, వైర్లు మూడయ్యాయంట. ఒకటి కలెక్టరాఫీసుకి, ఒకటి పోలీసోళ్ళకి, ఒకటి ఫారెస్టోళ్ళకి అనుకుంటున్నారండీ ఊళ్ళో," అన్నాడు ప్రెసిడెంటు.

"నాలుగోది ఢిల్లీకి వేస్తారేమోనండీ!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు.

"మీ మొహాలకి ఢిల్లీ ఒకటి తక్కువ," అన్నారు టీచరమ్మగారు. "మీ చెరువులెక్కడున్నాయో చెప్పడానికి నా రేడియో ఎందుకయ్యా? కొల్లేట్లో గట్టు కనపడని చోటు ఒకటి చూపించండి చూద్దాం." నా వైపు తిరిగి, "నేను చెబితే నమ్మరు. పిల్లా, లాగి చూపించు," అన్నారు.

"ఇటు రావే," అన్నాడు మా నాన్న. నేను కదల్లేదు. టీచరమ్మగారు మూడింటినీ నడిపించగానే ప్రింటరు వైరు లాగాను. కాగితం సగంలో ఆగింది. మళ్ళీ పెట్టి రెండోది లాగాను. టకటకలు ఆగాయి. అదీ పెట్టి మూడోది లాగాను. పైన తిరుగుతున్న ఏంటెన్నా ఆగిపోయింది. చూడ్డానికి పాతికమందీ తలలెత్తారు. ఏ వైరూ ఆ ఇల్లు దాటి పోవడం లేదని వాళ్ళకి అర్థమైంది. అర్థమైందని మొహాల్లో కనపడింది కూడా.

అయినా ప్రెసిడెంటు నవ్వు పోలేదు. "అంతా బానే ఉందండి. కానీ ఊరు భయపడుతోందండి. తీసేస్తే మీకే మంచిదండి." వెనక అందరూ "అవునండి, తీసెయ్యండి" అని ఒక్కసారే మొదలుపెట్టారు.

టీచరమ్మగారు లేచి, "ఊరెవరయ్యా? ఒక్కొక్కళ్ళూ రండి. పేరు చెప్పి ఈ వైర్లు కొయ్యండి. నేను అడ్డురాను," అన్నారు.

వెనకవాళ్ళు ఒకళ్ళ చాటుకొకళ్ళు జరిగారు. ప్రెసిడెంటు చెప్పులు చూసుకున్నాడు. ఢిల్లీ అన్నవాడు కనపడలేదు. ఇంక వెళ్ళిపోతారనుకుంటుండగా, మా నాన్న ముందుకొచ్చాడు. మాకున్నది ఆ ఒక్క చెరువు వాటాయే. తన పేరు, మా తాత పేరు చెప్పి, వలలు కోసే చాకుతో ఏంటెన్నా గొట్టం పక్కనుంచి దిగిన వైర్లని తెగకోశాడు.

"నువ్వొక్కడివైనా పేరు చెప్పావు. పో," అన్నారావిడ.

వారం తిరక్కుండా సామానంతా లారీకెత్తించుకుని ఏలూరు వెళ్ళిపోయారు. వాకిట్లో నవ్వినవాళ్ళే లారీ దగ్గరికొచ్చి "అప్పుడప్పుడూ వస్తూ ఉండండి" అన్నారు. ఆవిడ నా వైపైనా చూడకుండా లారీ ఎక్కేశారు. ఆ తరవాత మిషన్లు వచ్చి చెరువు గట్లు కొట్టేశాయి. మాదీ పోయింది, ప్రెసిడెంటుదీ పోయింది.

మా నాన్నతో చాలాకాలం మాట్లాడలేదు. తరవాత ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు కోశావని అడిగాను. ఆయన ఏడ్చాడు, నేను తిట్టాను, అక్కడితో మా ఇద్దరి మధ్యా అది తీరిపోయింది. వాకిట్లోకి వచ్చిన మిగతావాళ్ళతో నాకు ఏదీ తీరలేదు. వాళ్ళు ఏమీ చేయలేదు కదా, ఏమని అడగను?

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మా పొదుపు సంఘం లెక్కలన్నీ నేనే రాస్తాను. ఎవరైనా వచ్చి, ఫలానా ఆవిడ గురించి అందరూ ఇలా అనుకుంటున్నారండీ అంటే, నేను పెన్ను మూసేస్తాను. అన్నవాళ్ళని ఒక్కొక్కరినే ఆవిడ ఎదుటికి వచ్చి చెప్పమంటాను. దీనికి నన్ను పొగరుబోతు అంటారట. అనేవాళ్ళెవరూ ఇంతవరకూ నా ఎదుటికి వచ్చి చెప్పలేదు.