పూతకు ముందే నరికిన బత్తాయి

ఈ పొద్దున గోడ పక్కన నిమ్మకొమ్మ మీద, ముల్లు మొదట్లో, నువ్వుగింజంత పచ్చటి మొగ్గ కనిపించింది. ఇంత చలిలో మొగ్గ చూస్తే ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది, అదీ పట్నంలో హాయిగా చాయ్ తాగుతూ ఉండే మా బావ మీద.

తెలంగాణ వచ్చిన మరుసటి చలికాలం అది. ఈ కేతేపల్లి ఇంటి పెరట్లో మా అత్తమ్మ పెంచిన బత్తాయి చెట్టుండేది. అప్పటికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. బడి మొహం చూడని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి, నేను చదివితే తప్ప పురాణం వినలేని స్థితికి వచ్చింది. ఆ ఏడు ఆమె కోరింది ఒక్కటే, బత్తాయి పూత వాసన. మంచం చెట్టు కిందికే వేయించుకుంది. తోటల్లో చేసినట్టే చలి మొదట్లో చెట్టుకు నీళ్లు ఆపేశాం. అలా ఎండగడితే ఆకు ముడుచుకుని, సగం రాలి, చెట్టు చచ్చినట్టే కనిపిస్తుంది. తర్వాత నీళ్లిస్తే విరగబూస్తుంది. నీళ్లు పెట్టిన కొన్నాళ్లకు మొగ్గలు పొడుచుకొచ్చాయి. అత్తమ్మ వేలు పట్టుకుని ఒకదాన్ని తాకించాను. "జర మెల్లగ బిడ్డా, రాలిపోతది" అని నన్నే కసిరింది.

ఆ వారమే పట్నం నుంచి అత్తమ్మ కొడుకు, మా బావ, కొత్త కారుతో దిగాడు. కారుకు నీడ కావాలి. "గది సచ్చిన చెట్టమ్మా. కొట్టేసి గీడ రేకులేద్దాం" అన్నాడు నాతో. మొగ్గలు చూపించాను. "సరే తియ్, చూద్దాం" అన్నాడు. తోటల మధ్య పుట్టి పెరిగినవాడు, తెలియక అన్నాడనుకోను. మర్నాడు నేను యాదగిరిగుట్టకు పోయి ప్రసాదంతో తిరిగొచ్చేసరికి చెట్టు కొట్టేయించాడు, మొద్దే మిగిలింది. కొమ్మలు మొగ్గలతో సహా గోడకు ఆనించి ఉన్నాయి.

"మల్లొకటి పెడ్త తియ్యమ్మా, మూడేండ్లల్ల కాస్తది" అంటున్నాడు తల్లితో.

"నీకు నాలుగేండ్ల దాక మాట రాలేదురా. మూగోడని గప్పుడు నిన్ను పారేసిన్నా?" అంది అత్తమ్మ.

బావ నవ్వాడు. నేను ఆయన చేతిలో ప్రసాదం పెట్టలేదు. అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు.

మళ్లీ తోటలు పూతకొచ్చేసరికి అత్తమ్మ లేదు. స్వామి నాకిచ్చిన చలికాలాలన్నిటికీ దండం పెట్టుకుంటాను. ఆ ఒక్కదానికి మాత్రం ఇంకా చేతులు లేవలేదు.