మెడ చుట్టూ చున్నీ

యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పిన అమ్మాయికి పాతికేళ్లు కూడా నిండలేదు. అనకాపల్లి ఎండల్లోనూ మెడ చుట్టూ చున్నీ ముడేసుకునే ఉండేది. ఒకరోజు ఆసుపత్రి వాళ్లు పంచిన కాగితం నా చేత చదివించింది.

"తగ్గని గడ్డ ఉంటే... వెంటనే... డాక్టరుకు చూపించండి," అని కూడబలుక్కుని చదివాను. ఆమె చేయి చున్నీ మీదికి పోయింది.

"ఏటది టీచరమ్మా?"

"సిన్న గడ్డేలే పిన్నీ. నాలుగు నెల్లయింది. నొప్పే లేదు. ఈ వయసులో నాకేటవుద్ది?"

"కాగితంలో వయసు రాయలేదమ్మా. రెండుసార్లు సదివేను."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ చదువుకుంది. "రేపు నాతో ఆసుపత్రికి రా పిన్నీ," అంది.

మర్నాడు డాక్టరు ముందు ఆమె ఎంత లాగినా చున్నీ ముడి ఊడి రాలేదు. నేనే వంగి విప్పాను. ఆయన మెడ తడిమి చూస్తుంటే, 'ఇన్నాళ్లూ ఏం చేశారు?' అంటాడేమోనని ఇద్దరం ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాం.