పరమాణువు గురించి నేను చెప్పిన జవాబు

ఆత్మకూరు బడిలో పంతులుగా చేరిన రెండో ఏడు వానలు పడలేదు. పిల్లల్లో సగంమంది తల్లిదండ్రులతో కరువు పనుల్లోకి పోయారు. మిగిలినవాళ్ళు పాఠం మధ్యలోనే ఆకలికి తూలిపోయేవాళ్ళు. సరిగ్గా అప్పుడే తాకీదు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఈసారి పిల్లలతోపాటు పంతుళ్ళనూ ప్రకృతిశాస్త్రంలో పరీక్షిస్తారట. నాకు పంతులు సర్టిఫికెట్ లేదు. జవాబు తప్పితే ఉద్యోగం పోతుంది. ఆ కరువులో ఇంకో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

హెడ్మాస్టరు తన దగ్గరున్న ఇంగ్లీషు రసాయనశాస్త్ర పుస్తకం ఇచ్చారు. పరమాణువుల అధ్యాయం దగ్గర ఆగిపోయాను. మా నాయన ఉదయగిరిలో తర్కం చెప్పే పండితుడు. కిటికీలోంచి పడే ఎండలో ఎగిరే నలుసును చూపించి, అందులో ఆరోవంతు పరమాణువని ఆయనే నాకు నేర్పాడు. మన్ను, నీరు, నిప్పు, గాలి, ఈ నాలుగు రకాలేనన్నాడు. ఏడాదిగా నేనూ పిల్లలకు అదే చెబుతున్నాను. పుస్తకంలో చూస్తే అరవై రకాలకు పైగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో బరువు. పైగా నీరు అసలు మూలపదార్థమే కాదట.

సెలవు పెట్టి ఉదయగిరి వెళ్ళాను. దారి పొడుగునా ఎండిపోయిన చేలే. నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు.

"నాయనా, నీళ్ళు మూలం కాదంట. రెండు వాయువులు కలిస్తే నీళ్ళవతాయంట," అన్నాను. కోప్పడతాడని భయంగానే ఉంది.

"ఎవురు చూసినారంట?"

"విడదీసి చూసినారంట. మళ్ళీ కలిపి నీళ్ళు చేసినారంట."

"నువ్వు చూసినావా?"

"లేదు నాయనా."

"నేను మాత్రం ఆరోవంతును చూసినానా? మా గురువు చెప్పినాడు, నేను నీకు చెప్పినాను." గొంతు తగ్గించి అడిగాడు. "బాయిలో బురదే మిగిలుండాది. ఆ వాయువుల్ని కలిపే ఉపాయం మనబోటోళ్ళకు వీలయ్యేది ఏమన్నా రాసుండాదా ఆ పుస్తకంలో?"

అది వేళాకోళం కాదు. తల అడ్డంగా ఊపాను.

ఇన్‌స్పెక్టరు అన్నట్టే వచ్చారు. ఆయన నెల్లూరునుంచి వచ్చిన తెలుగువారే. ముందు పుస్తకంలోవే అడిగారు, చెప్పాను. తర్వాత, "పరమాణువును ముక్కలు చెయ్యవచ్చునా?" అన్నారు.

"చెయ్యలేమండీ. పుస్తకంలో అలాగే ఉంది."

"ఇంగ్లీషు సీమలో ఒక పెద్ద పండితుడు అది గట్టి గుండు కాదు, ఏటిలో సుడిలాంటిదంటున్నాడు. అసలు పరమాణువే లేదనేవాళ్ళూ ఉన్నారు. రేపు ఈ పుస్తకం మారితే పిల్లలకేం చెబుతావు?"

హెడ్మాస్టరు నావైపు చూడలేదు. "నిన్న చెప్పింది తప్పని చెబుతానండీ. ఇప్పటికే ఒకసారి చెప్పవలసి ఉంది, ఇంకా చెప్పలేదు," అన్నాను. నాలుగు రకాలని నేర్పిన సంగతి కూడా బయటపెట్టేశాను.

ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. పని పోయినట్టేనని హెడ్మాస్టరు తేల్చేశారు. మర్నాడు పిల్లలకు నా తప్పు చెప్పాను. వాళ్ళలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. రెండు నెలలు తపాలా మనిషి కనబడితే చాలు, ఎదురెళ్ళి అడిగేవాణ్ణి. చివరికి ఉత్తరం వచ్చింది. ఒక ఏడు గడువిచ్చి, ఆలోగా సర్టిఫికెట్ పరీక్ష రాయమన్నారు. రాసి నెగ్గాను.

నాయన పోయిన చాలా ఏళ్ళకు, పరమాణువులోనూ అంతకన్నా చిన్న కణాలున్నాయని మద్రాసు పత్రికలో చదివాను. ఇంకొన్నేళ్ళకు, దాని నడుమ చిన్న గింజలాంటిది ఉంటుందనీ, తక్కినదంతా దాదాపు ఖాళీయేననీ వచ్చింది. అప్పటికి నేను బడి మానేశాను. నా దగ్గర చదివినవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళందరికీ ఎలా చెప్పను? అదే బెంగ పట్టుకుంది.

ఒకనాడు వాళ్ళలో ఒకడు బజారులో ఎదురుపడ్డాడు, నెరిసిన మీసాలతో. "ఒరే, పరమాణువు తెగదని చెప్పినాను కదా, అది తప్పంటరా," అన్నాను.

అతను తికమకపడి, "అట్నా అయ్యా? మళ్ళా చెప్పండి," అని తలమీది గంప దించి నిలబడ్డాడు. ఎండలోనే అంతా చెప్పాను. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి నాకే సరిగా అర్థం కాలేదని తెలిసింది. ఆ మాటా చెప్పాను.