నల్లగుడ్డ మీద పిండి

చేసిన తప్పు ఒప్పుకుందామని ఒక మనిషి గడపగడపకీ తిరిగితే, ఆ తప్పు మాకు అక్కర్లేదని అందరూ తలుపులు వేసుకుంటే, ఆ మనిషి దాన్ని ఎక్కడ దించుకోవాలి? ఇన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. తెలివైనవాళ్ళను అడిగితే మర్చిపోవాలన్నారు. మర్చిపోగలిగేవాళ్ళకు అసలు ఆ ప్రశ్నే పుట్టదు.

ఆమె పని పిండి పట్టడం. అది అంగట్లో పిండిమర కాదు, ఆహార పరీక్షల ప్రయోగశాలలో కింది అంతస్తు వెనక గది. గదికి రెండు కిటికీలున్నా ఎప్పుడూ తెరవకూడదు, గాలికి ధూళి లేస్తుందని. పరీక్షకు వచ్చే గింజలూ పిండీ మూటల మీద అంకె తప్ప ఊరూ పేరూ ఉండవు. ప్రతి మూటనూ రెండు సగాలు చేసి ఒక సగానికి లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టేది. రెండో సగాన్ని చిన్న మరలో మెత్తగా పట్టి, సీసాకెత్తి పైకి పంపేది. పై అంతస్తువాళ్ళు ఆ పిండిలో బయటినుంచి చేర్చిన జన్యువు ఉందేమో చూసేవారు. "ఉంది", "లేదు", "స్వల్పంగా ఉంది". ఇరవై రెండేళ్ళుగా ఆమె విన్న తీర్పులు ఆ మూడే.

జన్యువులు మార్చిన పంటల గొడవ ఊళ్ళో మొదలైనప్పటినుంచీ ఇరుగుపొరుగు ఆమెను వదిలేవారు కాదు. "నువ్వక్కడే పనిచేస్తావుగా, అవి తింటే ఏమవుతుందో చెప్పు" అనేవారు.

"నాకేం తెలుసమ్మా? పైవాళ్ళకీ తెలీదు. ఉందో లేదో చెప్పడమే వాళ్ళ పని. నాకు తెలిసిందొక్కటే, వాళ్ళ యంత్రానికి ముక్కు మహా చురుకు. నిన్నటి ధూళి ఇవాళ తగిలినా పసిగడుతుంది."

అందుకే ఆమె చాదస్తం ఆమెది. ఒక మూట పట్టాక మరను విప్పి, కుంచెతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక రెండు గుప్పిళ్ళ శుభ్రమైన బియ్యం పోసి పట్టి ఆ పిండి పారబోసేది. దాన్ని "మరకు నోరు పుక్కిలించడం" అనేది. చివర్న ఒక నల్లగుడ్డతో లోపలంతా ఒక్కసారి రుద్దేది. గుడ్డ మీద ఇసుమంత తెలుపు కనిపించినా మళ్ళీ మొదటికే. బియ్యం పోసినట్టు చిట్టాలో ఒక గడి, ఆ గడిలో ఒక టిక్కు. గుడ్డ మాటకొస్తే నియమాల్లో ఎక్కడా లేదు, ఆమె సొంతం. ఆఫీసులో అందరికీ ఆమె నల్లగుడ్డక్క.

ఆ రోజు అధికారి గుమ్మంలోకి వచ్చి గడియారం చూపించాడు. "పైన యంత్రం రేపు మరమ్మతుకి పోతోంది. పదకొండు మూటలూ భోజనాల్లోపు పైకి రావాలి."

"మధ్యలో తుడుచుకోవాలి కదండీ."

"తుడవద్దన్నానా? తొందరగా తుడువు. నువ్వు కడిగే కడుగుడికి ఆ మర ఏదో ఒకరోజు కరిగిపోతుంది."

ఆరో మూట సోయా. ఏడోది మొక్కజొన్న పిండి. ఆరో మూట అయ్యేసరికి బియ్యం డబ్బా అడుగంటింది. సామాన్ల గది తాళం ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. కుంచెతో దులిపింది, రెండుసార్లు తుడిచింది, నల్లగుడ్డ పెట్టింది. గుడ్డ తీస్తే అంచున పలచగా ఏదో ఉన్నట్టనిపించింది. కిటికీ వెలుగు అనుకుంది. వెలుగు కాదని ఆమె చేతికి తెలుసు. అయినా ఏడో మూట పోసేసింది. చిట్టాలో మాత్రం ఆ గడి ఖాళీగా వదిలింది. చెయ్యనిదానికి టిక్కు పెట్టడం ఆమెకు చేతకాదు.

తొమ్మిది రోజులకు బళ్ళలో పిల్లల భోజనానికి వెళ్ళే మొక్కజొన్న పిండిలో మార్పిడి జన్యువు స్వల్పంగా ఉందని పత్రికలో వచ్చింది. పిండిమర యజమాని పేరు ఆమె రెండుసార్లు చదివింది. ఆయన ఆమె భర్తకు స్వయానా అన్నగారు.

లారీ తోలే భర్త నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. పిల్లల జ్వరాలకూ, నీళ్ళ కుళాయి మరమ్మతులకూ ఆ బావగారే దిక్కు. రోజూ సాయంత్రం ఆమె ఇంటికి పోతూ పిండిమర ముందు ఒక్క నిమిషం ఆగేది. మర చప్పుడులో వినిపించాలని గొంతెత్తి "వెళ్ళొస్తాను బావగారూ!" అనేది. లోపలినుంచి తెల్లబడిన చెయ్యి ఒకటి పైకి లేచేది. పద్దెనిమిదేళ్ళుగా అదొక వరస.

ఇప్పుడు మర ఆగిపోయింది. బళ్ళవాళ్ళు పిండి వద్దన్నారు. మూసిన తలుపు మీద ఎవరో కాగితం అంటించారు: "మా పిల్లలు పరీక్ష ఎలుకలా?" తోటికోడలు దాన్ని గోళ్ళతో గీకుతూ కనిపించింది.

"ఇరవై ఏళ్ళు తిన్నారు. అప్పుడు ఎలుకలు కారు, ఇప్పుడయ్యారు! మీ బావగారు గింజలిచ్చే రైతులింట్లో విత్తనం కూడా చూసి కొంటారే! ఆ పరీక్షలు చేసినవాళ్ళ చేతులు పడిపోను!"

"అక్కయ్యా, అలా అనకు" అంది ఆమె. ఆ చేతులు తన కొంగు కిందే ఉన్నాయి.

మర్నాడు చిట్టా తీసింది. ఆ రోజున మొక్కజొన్న ఒక్కటే, ఏడో నంబరు. దాని ముందు సోయా. పై గదిలో అడిగితే సోయాలో "ఉంది" అని వచ్చిందన్నారు. వాళ్ళ మొదటి పరీక్షకు పంటతో పనిలేదు. చేర్చిన జన్యువు ముక్క కనిపిస్తే చాలు, అది సోయాదా మొక్కజొన్నదా అని అడగదు. ఆమె చిట్టా పట్టుకుని అధికారి గదికి వెళ్ళింది.

"సార్, ఏడో నంబరుకి ముందు నేను బియ్యం పట్టలేదు. గడి చూడండి. సోయా ధూళి కలిసి ఉండొచ్చు. బీరువాలో రెండో సగం ఉంది, మళ్ళీ చూడమనండి."

అధికారి చిట్టా కంటే ముందు తలుపు చూశాడు. "ఆ పిండిమర ఎవరిది?"

"మా బావగారిది. మూట మీద పేరుండదు కదండీ, ఆ రోజు నాకు తెలీదు."

"ఈ రోజు తెలిసింది. తెలిశాక బియ్యం గుర్తొచ్చింది." ఆయన నవ్వలేదు. "అమ్మా, ఈ ముక్క బయటికెళ్తే ఏమవుతుందో తెలుసా? ఇరవై రెండేళ్ళ కాగితాలన్నీ తిరగదోడతారు. పెన్నిస్తాను, ఆ గడిలో టిక్కు పెట్టి వెళ్ళు."

"పెట్టను సార్."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆయన అడగనీ. సరుకు సొంతదారు పదిహేను రోజుల్లోగా రాసిస్తే రెండో సగం తెరుస్తాం. నీ మాట మీద తెరవం."

మెట్లు దిగుతుంటే ఆమెకు కోపం ఎవరి మీద రావాలో తేలలేదు. ఆయన చెప్పిన నియమం నియమమే. గడియారం చూపించిన వేలు మాత్రం ఏ చిట్టాలోనూ లేదు.

ఆ సాయంత్రమే దరఖాస్తు కాగితం తెచ్చి తన చేత్తోనే నింపింది. సంతకం చోటు ఒక్కటే మిగిల్చి బావగారి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన ఆగిన మర రాయి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండేది.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే అమ్మాయ్" అన్నాడు చివరికి. "కానీ మళ్ళీ పరీక్షంటే మళ్ళీ గుండె దడ. ఈసారీ ఉందంటే?"

"ఉండదు బావగారూ. విత్తనం మీరే చూసి కొంటారు కదా!"

"పక్క పొలం పుప్పొడి నా మాట వింటుందా? నిన్న డాక్టరుగారొచ్చారు. బళ్ళ భోజనం కమిటీలో పెద్దమనిషి. ‘ఉంటే ఉందని చెప్పు, తిన్న పిల్లలు నిక్షేపంగా ఉన్నారని చెప్పు, ఈ గొడవ మీద ఊళ్ళో పెట్టే సభలో నా పక్కన కూర్చో, నీ పిండి మళ్ళీ తీసుకునే పూచీ నాది’ అన్నారు."

"లేనిదాన్ని ఉందని ఒప్పుకుంటారా?"

"కాగితం ఉంచి వెళ్ళు. ఆలోచిస్తాను."

గడువులో పద్నాలుగో రోజున సభ. ఒక పాత భవనంలో పొడవాటి హాలు, ఇనుప కుర్చీలు, మధ్యలో నడవ. నడవకు ఎడమవైపు "వద్దు" అనేవాళ్ళు, కుడివైపు "తప్పేముంది" అనేవాళ్ళు, పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ లాగా. ఆమె ఆఫీసునుంచి తిన్నగా వచ్చి చివరి వరసలో నిలబడింది. సంచిలో చిట్టా పుట నకలూ, ఎందుకు తెచ్చిందో తనకే తెలియకుండా, ఆ నల్లగుడ్డా ఉన్నాయి.

ఎడమవైపునుంచి ఒక బడిపంతులమ్మ లేచింది. "ఈ పంటలు మంచివని చెప్పే కాగితాలన్నీ అమ్మేవాళ్ళే రాయించారు. నలభై ఏళ్ళ తర్వాత ఏమవుతుందో ఎవరు చూశారు? తినేది మా పిల్లలు. మాకు చెప్పకుండా పెట్టే హక్కు ఎవరిచ్చారు?" చప్పట్లు. ఆ అడగడంలో న్యాయముందనిపించింది ఆమెకు.

డాక్టరు మెల్లగా మాట్లాడాడు. "ఆమోదం పొందిన పంటల్ని ఏళ్ళ తరబడి పరీక్షించారు. వాటి వల్ల ఇదిగో ఈ జబ్బు వచ్చిందని ఎవరూ చూపించలేదు. భయం వేరు, రుజువు వేరు." ఇటూ చప్పట్లు. ఇందులోనూ న్యాయముందనిపించింది. ఇద్దరూ ఊపుతున్నది మాత్రం ఒకే కాగితం, ఆమె పట్టిన ఏడో నంబరు పిండి ఫలితం.

ఆమె చెయ్యెత్తింది. మైకు చేతికొచ్చింది.

"మీరు ఎటువైపమ్మా?" అన్నాడు సభ నడిపే పెద్దాయన.

"పిండి పట్టేదాన్నండీ. ఆ మూట నేనే పట్టాను. ఆ రోజు మరను సరిగా శుభ్రం చెయ్యలేదు. ముందు పట్టిన సోయా ధూళి అందులో కలిసి ఉండొచ్చు. రెండో సగం బీరువాలో ఉంది. అది తెరిచేదాకా ఆగండి."

పంతులమ్మే ముందు అందుకుంది. "ఎవరు చెప్పమన్నారమ్మా నీతో? పాపం, ఉద్యోగం పోతుందని భయపెట్టి ఉంటారు."

"ఉద్యోగం ఇప్పుడు పోతుందండీ, ఇలా చెప్పినందుకు!"

ఎవరో నవ్వారు. "ఆవిడ పిండిమరాయన మరదలండోయ్!" అని వెనకనుంచి ఒక గొంతు. నవ్వు హాలంతా పాకింది.

డాక్టరు చెయ్యి అడ్డుపెట్టి నవ్వు ఆపాడు. ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. "అమ్మా, ఉన్నా ప్రమాదం లేదనే కదా మేమంటున్నది? ఇక ఉందో లేదో అన్న బెంగ నీకెందుకు? కూర్చో తల్లీ."

"ఉందో లేదో తేలకుండా దేనికోసమండీ ఈ కొట్లాట?" అంది ఆమె. అప్పటికే మైకు చేతులు మారింది. ఆ మాట ముందు వరసకు కూడా చేరలేదు.

వేదిక మీద బావగారు లేచాడు. ఇస్త్రీ చొక్కా. జీవితంలో మొదటిసారి ఆయన జుట్టులో పిండి లేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"నా పిండిలో ఉందంటున్నారు. ఉందనే అనుకుందాం. ఇన్నేళ్ళుగా పిల్లలు తింటున్నారు. ఎవరికైనా కడుపునొప్పయినా వచ్చిందా?"

దీపం వెలుగు కాగితానికి వెనకనుంచి పడుతోంది. అటువైపు గీతలూ గడులూ అంత దూరానికీ కనిపిస్తున్నాయి. ఆమె నింపి ఇచ్చిన దరఖాస్తే అది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. దాని వెనకవైపే ఆయన ఉపన్యాసం రాసుకున్నాడు.

ఆయన తలెత్తాడు. హాలు చివరిదాకా వెతికి ఆమెను చూశాడు. చూసి మళ్ళీ కాగితంలోకి దిగిపోయాడు. ఈసారి ఇంకాస్త గట్టిగా చదివాడు.

నడవ పక్క కుర్చీలోంచి తోటికోడలు ఆమె కొంగు పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నా మొహంలో చాలా రోజులకు వెలుగుంది. "అయిపోయాక అందరం కలిసి ఇంటికెళ్దాం. నీకూ అన్నం వండే వచ్చాను. మీ బావగారికి నీ మీద కోపమేం లేదు, తెలుసా?"

"తెలుసక్కయ్యా."

"అదిగో, మాట ముగిస్తున్నారు. ముందుకెళ్ళి ఒక్కసారి కనబడు."

కుడివైపు చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య ఆయన చెయ్యి పైకి లేచింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె కోసం లేచే చెయ్యే. ఇవాళ తెల్లగా లేదు, ఎవరికోసం లేచిందో కూడా తెలియలేదు.

ఆమె కొంగు విడిపించుకుంది. సంచి భుజానికి తగిలించుకుని, వెనక తలుపు తోసుకుని మెట్లు దిగింది. దార్లో పిండిమర తలుపు తీసే ఉంది. లోపల దీపం వెలుగుతోంది, మర మళ్ళీ తిరగడానికి ఎవరో నేల ఊడ్చి ఉంచారు. ఆమె అక్కడ ఆగలేదు. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనలేదు.