అంకెలు లేని కొలకర్ర

మా కొండ ఊరు మావ్‌లాయ్‌లో మా వడ్రంగి కొట్టుకి పొద్దున్నే ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "రాత్రి కలేమొచ్చింది?" చేప కనిపిస్తే ఒక అంకె, మేక కనిపిస్తే ఇంకో అంకె. పోయిన మేనమామ కల్లోకి వచ్చి అన్నం అడిగాడంటే ఆ వీధి వీధంతా దాని అంకె మీద డబ్బు కట్టేస్తుంది. సాయంత్రానికి మైదానంలో విలుకాళ్లు గడ్డికట్ట మీదికి బాణాలు వేస్తారు. గుచ్చుకున్నవాటిని లెక్కపెడితే ఆ లెక్కలో చివరి రెండంకెలదే గెలుపు. దీన్నే తీర్ అంటాం. చాలామందికి అది టీతో పాటు కాస్త సరదా. బా తెయిబోర్‌కి మాత్రం జబ్బయి కూర్చుంది.

అతను నాకంటే పెద్దవాడు, అందుకే బా, అంటే అన్న, అంటాను. పనిలోనూ పెద్దే. అతను బిగించిన కిటికీ మా వానలకి కూడా ఉబ్బి పట్టేయదు. అలాంటివాడు చర్చి బల్లలకి కోసిన పలకలు పొట్టివైపోయాయి. టేపు చాపితే అతనికి కొలత కనపడటం మానేసింది, ఆ రోజు ఆట కనపడేది. ఏదో ఒక అంకె మీద బొటనవేలు ఆగడమే ఆలస్యం, రంపం అక్కడే వదిలేసి రోడ్డు దాటి తీర్ చీట్లు అమ్మే కౌంటర్‌కి పోయేవాడు.

ఇల్లు భార్య ఫిడాలియాది, వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఒకరోజు అతని బట్టలు మడతపెట్టి చేతికిచ్చింది.

"దారిసా నాన్నా, మీ అక్క ఇంటికి వెళ్లు. నువ్వు చెడ్డవాడివని కాదు. దారిసా ఫీజు డబ్బు ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తూ నాకు నిద్ర పట్టట్లేదు. మానేశానని చెప్పడానికి రాకు. మానేసి రా. అది నాకే కనపడుతుంది."

అతనికి ఆ ఇల్లూ, ఆ పిల్లా తప్ప వేరే లోకం లేదు.

అతని అక్క థెయ్‌లిన్‌ని వీధంతా కాంగ్, అంటే అక్కా, అనే పిలుస్తుంది. ఆవిడ తిట్టలేదు. అన్నం పెట్టింది. తెల్లారాక, "పన్ను నొప్పొస్తే ఆసుపత్రికి పోతావుగా, దీనికెందుకు పోవు?" అని వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. అక్కడ ఇలాంటివాళ్లతో మాట్లాడే ఆవిడ బుద్ధులు చెప్పలేదు. ఏ వేళకి మనసు లాగుతుంది, ఆ వేళకి పక్కన ఎవరుంటారు, కూలి డబ్బు ఎవరి చేతికి వస్తుంది అని అడిగింది. "ఆ లాగుడు వస్తుంది, కాసేపుండి పోతుంది. పోయేదాకా ఒంటరిగా ఉండకండి. ఎప్పుడైనా జారితే మర్నాడే రండి, సిగ్గుపడి ఆగిపోవద్దు," అంది.

కొట్టు లెక్కలు నావే కనక, ఆ రోజు నుంచి అతని కూలి నేను కాంగ్ థెయ్‌లిన్ చేతికే ఇచ్చాను. అతనే అలా ఇమ్మన్నాడు. తర్వాత అక్కాతమ్ముళ్లిద్దరూ కౌంటర్ నడిపే బా రిట్ దగ్గరికి వెళ్లారు.

"మా వాడికి అమ్మకు," అంది కాంగ్ థెయ్‌లిన్.

"నా గిరాకీ మీదే పడ్డావా కాంగ్?"

"మావ్‌లాయ్ అంతా నీదేగా, ఒక్కణ్ణి నాకు వదల్లేవా?"

బా రిట్ తెయిబోర్ ముఖం చూశాడు. "సరే. ఈయన కనపడితే కిటికీ వేసేసి వక్క నములుతూ కూర్చుంటా. తలుపు బాదినా తియ్యను. తర్వాత నన్ను తిట్టకండి."

మిగతా కౌంటర్లకి కూడా తనే కబురు పెట్టాడు. ఆ మేలు చిన్నది కాదు.

చిక్కంతా కొట్లోనే వచ్చింది. తెయిబోర్ టేపు బల్ల మీద పెట్టేసి, "నా వల్ల కాదురా. ఇది పట్టుకుంటే చెయ్యి కౌంటర్ వైపే పోతోంది," అన్నాడు. వడ్రంగికి అంకె లేకుండా ఎలా? నేను ఒక సన్నటి దేవదారు బద్ద చిత్రిక పట్టి ఇచ్చాను. వెనకటి పనివాళ్ల పద్ధతే. బద్దని కిటికీ సందులో ఆనించి, అంచు దగ్గర కత్తితో గాటు పెట్టాలి. అదే బద్ద తెచ్చి చెక్క మీద పెట్టి, గాటు దగ్గర కోయాలి. ఎంత పొడవో ఎవరూ అనుకోనక్కర్లేదు.

"ఏంటి బా, కళ్లజోడు పోయిందా?" అని వచ్చినవాళ్లు ఆటపట్టించారు.

"కళ్లజోడు ఉంది. బుర్రే రిపేరుకిచ్చా," అనేవాడు.

టేపు చదవడంలో తప్పు పోవచ్చు, రాసుకోవడంలో పోవచ్చు. గాటుకి ఆ రెండూ లేవు. చర్చి వాళ్లు రెండోసారి చేయించుకున్న బల్లలు ఇప్పటికీ ఊగవు.

కొట్లో కలలు చెప్పడం కూడా మానేశాం. కలప తెచ్చే బండివాడు మర్చిపోయి, "రాత్రి మా అత్తగారు..." అని మొదలుపెడితే అందరం ఒక్కసారి అరిచాం.

"ఆపు! మీ అత్తగారికి ఇక్కడ ప్రవేశం లేదు."

"ఆ ముక్క మా ఇంటికొచ్చి చెప్పండి బా!" అన్నాడు వాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున తెయిబోర్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "నాకే కల వచ్చింది. చెప్పను. ఇవాళ నన్ను వదిలి ఎక్కడికీ పోకు," అన్నాడు. బాణాలేసే వేళయ్యేసరికి దుంగ ఎక్కించి పెద్ద రంపం తీశాను. ఒక కొస అతను, ఒక కొస నేను. ఇద్దరు పట్టే రంపం ఒకడు వదిలితే కదలదు. లాగుతూనే ఉన్నాం. వీధిలో ఎవరో గెలిచిన అంకె కేకేశారు. అతను రంపం వదిలేశాడు.

"నాదే. నా కల అంకే వచ్చింది."

ఓడితే ఏం చెప్పాలో తెలుసు, కట్టని అంకె గెలిస్తే ఏం చెప్పాలి? ఆసుపత్రావిడ కూడా ఈ సంగతి చెప్పలేదు.

అతను రంపాన్ని దుంగలోనే ఉంచేసి చెప్పులు తొడుక్కున్నాడు. "కట్టనందుకు బాధ లేదు. రేపు కూడా నిజమవుతుందేమో అనిపిస్తోంది, అదీ భయం. లే, ఆవిడ వెళ్లిపోక ముందే పోదాం," అన్నాడు. రంపపు పొట్టు దులుపుకోకుండానే వెళ్లాం. చాలాసేపటికి అతను ఆవిడ గదిలోంచి బయటికొచ్చి, "ఆకలేస్తోంది," అన్నాడు. టీకొట్లో పంది మాంసం వేసి వండిన అన్నం, జాదో, రెండు పళ్లాలు తిన్నాడు.

ఆ సంగతి ఫిడాలియాకి ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు. ఆమె వెంటనే రాలేదు కూడా. చలికాలం మొదలయ్యాక ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా పిల్లతో కాంగ్ థెయ్‌లిన్ ఇంటికి వచ్చింది.

"ఆవిడ దగ్గరికి వెళ్తూనే ఉంటావా?" అని అడిగింది.

"వెళ్తాను. కూలి నీ చేతికే వస్తుంది."

"అయితే పద. నీకూ కలిపి బియ్యం నానబెట్టి వచ్చాను."

వెళ్తూ దారిలో కనపడిన వాళ్లందరికీ ఖుబ్లెయ్ చెప్పాడట, దేవుడు చల్లగా చూడాలని. కౌంటర్ ముందు ఆగి బా రిట్‌కి కూడా చెప్పాడు.

"అమ్మనందుకు దండం పెట్టినవాడివి నువ్వొక్కడివే బా," అన్నాడు రిట్.

తెయిబోర్ ఇప్పటికీ శుక్రవారాలు ఆసుపత్రికి వెళ్తాడు. ఫిడాలియా తోడు వెళ్లి, బయట కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటుంది.