తూము దగ్గర పడ్డ లైటు

దయ్యం అనే మాటను మా ఇంట్లో తిట్టుగా తప్ప వాడం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. జరిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని, అది దొరక్కపోతే మనం సరిగ్గా వెతకలేదని అర్థమని పిల్లలకు చెబుతుంటాను. ఇది రాస్తున్నది ఎవర్నీ నమ్మించడానికి కాదు. నాకే అర్థం కాలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది రెడ్డిగూడెం పక్కన, మామిడి తోటలో ఇల్లు. తోట నాదీ, మా బావమరిది సుధీర్‌దీ. నా భార్య కరుణకు తమ్ముడతను. కాయల బేరాలన్నీ తనే చూస్తాడు. కాపు రోజుల్లో కాయలు ఎవరూ కోసుకుపోకుండా, డాబా మీంచి తోట చివరిదాకా వెలుగు వేసే టార్చిలైటు ఒకటి కావాలనుకున్నాను. నా పిచ్చి అలా మొదలైంది. బజార్లో దొరికేవి దగ్గర్లో బాగానే వెలుగుతాయి, దూరం పోవు. దాంతో సొంతంగా తయారు చేసుకోవడం నేర్చుకున్నాను.

అందులో తలనొప్పి రెండింటితో. ఒకటి ఎమిటర్, అంటే లోపల వెలుగు పుట్టే ఎల్‌ఈడీ చిప్పు. పెద్దది వేస్తే వెలుగు ఎక్కువ వస్తుంది గానీ వాకిలంతా పరుచుకుంటుంది. కందిగింజంత కూడా లేని చిన్న చిప్పు, పైన బుడగలాంటి మూత లేనిది వేస్తే మొత్తం వెలుగు తక్కువే. కానీ ఆ కాస్త చోటే తీక్షణంగా మండుతుంది. వెనక అద్దపు గిన్నెలా ఉండే రిఫ్లెక్టర్ దాన్ని సన్నగా చేసి దూరం తోస్తుంది. రెండోది బ్యాటరీ. దాని మీద ఎంత రాసి ఉందన్నది నమ్మడానికి లేదు. గట్టిగా లాగినప్పుడు నీరసపడకుండా కరెంటు ఇస్తుందా లేదా, అదే ముఖ్యం. పాత ల్యాప్‌టాప్‌ల్లోంచి తీసిన సెల్ వేస్తే మొదట ధగధగలాడుతుంది, టీ తాగి వచ్చేసరికి కళ తప్పుతుంది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గాలివాన కొట్టింది. కాయ చాలా రాలింది. సాయంత్రానికి వాన తుంపరగా మారింది. నేను టేబుల్ దగ్గర కూర్చుని టార్చిలో ఎమిటర్ మారుస్తున్నాను. పెద్దదాన్ని వేడిచేసి ఊడదీశాను. చిన్నదాన్ని అతికించేలోపు కరెంటు పోయింది. టార్చి ముక్కలు ముక్కలుగా టేబుల్ మీదే ఉండిపోయింది.

“ఊరందరికీ టార్చిలైట్ల గురించి చెబుతారు, మన ఇంట్లో మాత్రం కొవ్వొత్తి” అని కరుణ విసుక్కుంటూ కొవ్వొత్తి తెచ్చిపెట్టింది.

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. సుధీర్ తడిసి ముద్దయి, కోపంగా లోపలికొచ్చాడు.

“ఏంటి బావా ఆ సరదా? కళ్ళల్లోకి అలా కొడితే బండి ఎలా నడపాలి?”

“ఏం కొట్టాను?”

“లైటు! తూము దగ్గర. ఆపమని అరుస్తుంటే వినవే. బండి ఎటు తిప్పితే అటే వేశావు. ఇంక విసుగొచ్చి, వెనక్కి తిరిగి తారు రోడ్డు మీంచి చుట్టూ తిరిగొచ్చా.”

విస్సన్నపేట వైపు నుంచి మా తోటకు ఒక డొంక, అంటే మట్టి బండిదారి, ఉంది. మధ్యలో చిన్న వాగు, దాని మీద పైపులు వేసి మట్టి పోసిన తూము. సుధీర్ ఎప్పుడూ ఆ దారినే వస్తాడు. లైటు వాగుకు ఇవతల నుంచి, అంటే మా ఇంటివైపు నుంచి పడిందట. అందుకే నేనే అనుకున్నాడు.

“మీ బావ మధ్యాహ్నం నుంచి ఆ కుర్చీలోంచి లేవలేదురా” అంది కరుణ.

సుధీర్ టేబుల్ దగ్గరికొచ్చి టార్చి తల భాగం చేతిలోకి తీసుకున్నాడు. ఎమిటర్ ఉండాల్సిన చోట ఖాళీ. కాసేపు దాన్నే చూశాడు.

“మరి ఎవరు బావా?”

పక్క తోటలో కాపలావాళ్ళెవరో అయి ఉంటారన్నాను. అన్నం తిని పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే పక్క తోటలో ట్రాక్టర్ తోలే నాగేశ్వరరావు ఫోన్ చేశాడు. “మాస్టారూ, డొంక వైపు ఎవర్నీ రానివ్వకండి. తూము పోయిందండీ. కింద పైపులు నిన్నటి వానకే కొట్టుకుపోయినట్టున్నాయి. పైన మట్టి మాత్రం పొరలాగ నిలబడి ఉంది. ముందు చక్రం ఆనిందో లేదో కూలింది. ఎలాగో వెనక్కి లాగాను.”

ఇద్దరం వెళ్ళి చూశాం. దారి ఉండాల్సిన చోట గొయ్యి. అడుగున ఎర్రనీళ్ళు, విరిగిన పైపుల అంచులు. సుధీర్ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

కరుణ విని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. “దేవుడు కాపాడాడు. ఇంకేం కావాలి మీకు?” అంది. తనకు అక్కడితో అయిపోయింది.

నాకు అవలేదు. చుట్టుపక్కల తోటలవాళ్ళందరినీ అడిగాను. ఆ వానలో ఎవరూ బయటికి రాలేదన్నారు. అడుగుజాడలు చూద్దామంటే అప్పటికే సగం ఊరు అక్కడ తొక్కేసింది. మెరుపేమో అనుకున్నాను. మెరుపు బండి వెంట తిరగదు కదా. మా డాబా మీంచి ఎవరైనా వేశారనుకుందామన్నా మధ్యలో మిట్ట, గుబురుగా చెట్లు. అక్కణ్ణుంచి తూము కనిపించనే కనిపించదు. బండి లైటే తడి ఆకుల మీద పడి తిరిగి కొట్టిందేమోనని, ఇంకోరోజు వాన వెలిశాక సుధీర్‌ను అదే వేళకు అక్కడికి తీసుకెళ్ళి చూశాను. ఏమీ లేదు.

పంచాయతీవాళ్ళు కొత్త పైపులు వేశాక నేను ఇంకో పని మొదలుపెట్టాను. చీకటి పడగానే నేను వాగుకు ఇవతల నిలబడేవాణ్ణి. సుధీర్ అవతల బండి మీద కూర్చునేవాడు. ముందు చిన్న ఎమిటర్ వేసి చూపించాను.

“ఇలా ఉందా?”

“కాదు. అది ఇంకా తెలుపు.”

కాస్త నీలం కలిసిన తెలుపు వేశాను. కాదన్నాడు. పసుపుపచ్చది కాదన్నాడు. పెద్ద చిప్పు అసలే కాదన్నాడు. బ్యాటరీలు మార్చాను. కొత్త సెల్, సగం అయిపోయిన సెల్, నీరసపడ్డ పాత సెల్. ప్రతిసారీ కళ్ళు చిట్లించుకుని చూసి తల అడ్డంగా ఊపేవాడు.

“నీది గుచ్చుకుంటోంది బావా. అది గుచ్చుకోలేదు. దాన్ని దాటి చూడలేకపోయాను, అంతే. కళ్ళు మండలేదు.”

“చుట్టూ ఆకులు కనిపించాయా? ఎంత దూరం కొట్టే టార్చి అయినా పక్కలకు కాస్త వెలుగు చిందుతుంది.”

“లేదు. లైటు ఒక్కటే కనిపించింది.”

ఇలా చాలా సాయంత్రాలు గడిచాయి. చివరికి ఒకరోజు నాకే విసుగొచ్చింది. “చాల్లే, తారు రోడ్డు మీద పనుందన్నావుగా, వెళ్ళు” అన్నాను. సుధీర్ బండి వెనక్కి తిప్పాడు. నేను టార్చి ఆపడం మర్చిపోయాను. వెలుగు అతని వీపు మీద పడింది. నీడ డొంక పొడవునా సాగి, ఎదురుగా ఉన్న మామిడి చెట్ల మొదళ్ళ మీదికి ఎక్కింది.

సుధీర్ బ్రేకు వేశాడు. తన నీడనే చూస్తున్నాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. నీడా ఎత్తింది. బండి స్టాండు వేసి, తూము మీంచి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

“బావా, ఆరోజు కూడా ఇలాగే తిప్పాను. తిప్పాక బండి అద్దంలో ఆ లైటు కనిపిస్తూనే ఉంది, వీపు మీదే ఉంది. కానీ నాకు నీడ పడలేదు. ముందంతా చీకటే. నా బండి లైటు ఒక్కటే.”

“సరిగ్గా గుర్తుందా?”

“ఇప్పుడే గుర్తొచ్చింది. ఇది చూశాక.”

టార్చి ఆపేశాను. సుధీర్ తారు రోడ్డుకు వెళ్ళలేదు. అవతలికి వెళ్ళి బండి తెచ్చుకుని, దాన్ని తోసుకుంటూ నాతోపాటే ఇంటికొచ్చాడు. దారిలో మళ్ళీ లైటు వెయ్యమని అతను అడగలేదు, నేనూ వెయ్యలేదు.

దూరం పోవాలంటే ఏ ఎమిటర్ వెయ్యాలో, ఏ బ్యాటరీ అయితే నిలబడుతుందో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. నీడ పడని వెలుగు ఎలా వస్తుందో మాత్రం తెలియదు. ఎవర్ని అడగాలో కూడా తెలియట్లేదు.