మూడు గంటలూ ఒకేసారి

రెండువేల నాలుగు, జూలై. సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో బస్సు దిగాను. పటాలంలో హవల్దారుగా రిటైరై, కన్‌స్ట్రక్షన్ క్యాంపుకి గార్డుగా వచ్చాను. ఉదయం పదకొండు. నలభై తొమ్మిది డిగ్రీలు. బూట్లు తారుకి అంటుకుపోతే అక్కడే వదిలేసి, మేజోళ్ళతో గేటు దాకా కవాతు చేశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

లాఠీ, విజిలు, వాకీటాకీ ఇచ్చారు. భోజనాల షెడ్డు ముందు గంటగా వేలాడే రైలుపట్టా ముక్కా, దాని సుత్తీ నావే. సైట్ మేనేజరు ఆర్డరు: "పన్నెండుకి ఒక దెబ్బ, తెల్లవాళ్ళు. పన్నెండున్నరకి రెండు, మీవాళ్ళు. ఒంటిగంటకి మూడు, నల్లవాళ్ళు. గంట మోగకుండా ఎవడూ లోపలికి రాకూడదు."

మూడో గంట మోగేసరికి షెడ్డులో నీళ్ళ డ్రమ్ములో ఐసు కరిగి, నీళ్ళు స్నానానికి కాచినట్టుండేవి. సూడాన్ నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటరు ఉస్మాన్ ఎండలో నిలబడి, హెల్మెట్ మీద దరువేసి పాట కట్టేవాడు. వెనక పదిమంది అందుకునేవారు. అరబ్బీ వచ్చిన కడప డ్రైవరు ఖాజా నాకు అర్థం చెప్పేవాడు.

"ఎండ అందర్నీ ఒకే తూరి కాలుస్తాంటే నీళ్ళకి వరసలేంది అని అడుగుతాండాడు అన్నా!"

ఓ సోమవారం ఆ పాట మేనేజరు చెవిన పడింది. "ఇంకోసారి పాడితే ఉస్మాన్‌కి ఎగ్జిట్. పెట్టె సర్దుకుని సూడాన్ పోతాడు."

మర్నాడు పన్నెండుకి రెండు నిమిషాలుంది. పని ఆపి మూడు వరసలూ షెడ్డు బయట ఎండలో నిలబడ్డాయి. ఉస్మాన్ హెల్మెట్ తీశాడు. దరువు మొదలైంది. వాకీటాకీ అరిచింది.

"గార్డ్! ఆ పాట ఆపు!"

"ఎస్ సార్!"

సుత్తి ఎత్తాను. పద్దెనిమిదేళ్ళు పటాలం క్వార్టర్ గార్డులో గంటలు కొట్టి, ఒక్క దెబ్బ తప్పని చెయ్యి. పోయి పోయి ఆ దరువులో పడింది. ఒకటి, రెండు, మూడు, ముప్ఫై! ఆ మోతకి కువైట్ సరిహద్దులో ఒంటెలు అటెన్షన్‌లో నిలబడ్డాయి.

"ఇది ఏ గంట అన్నా?" అరిచాడు ఖాజా.

"అన్నీనూ! పదండ్రా లోపలికి!"

మూడు వరసలూ ఒక్కటై షెడ్డులోకి దూకాయి. తెల్ల ఫోర్‌మన్ ఒకాయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఎన్ని కొట్టావు?"

"పాట ఆపమన్నారు కదండీ. వినపడకుండా చేద్దామని గట్టిగా కొట్టాను. లెక్క తప్పింది."

ఎగ్జిట్ పడింది. ఉస్మాన్‌కి కాదు, నాకు. ఇంటికొచ్చిన నెలకి ఖాజా ఫోను చేశాడు. నేను వచ్చేసిన మర్నాడు కొత్త గార్డు ఒక దెబ్బ కొడితే ఒక్కడూ కదల్లేదట. అందరూ ఎండలోనే నిలబడి ఉస్మాన్ పాట అందుకున్నారట. వారం తిరక్కుండా అందరికీ ఒకే గంటయిందట.

ఒంటెల సంగతి మీరు కొట్టిపారేయండి. కానీ ఆ ముప్ఫై దెబ్బల రోజున షెడ్డులో ఇది మాత్రం చూశాను: ఉస్మాన్ డ్రమ్ములోంచి ఐసుముక్క తీసి చెంపకి ఆనించుకున్నాడు. తాగడం మర్చిపోయి, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయాడు.